సెమినరీ చదువులో ఆసుపత్రి వార్డు కూడా ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

మా అక్క మనవడు బీటెక్ చదివి హైదరాబాద్‌లో మూడేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాడు. ఈమధ్యే అది మానేసి, సెమినరీలో, అంటే పాస్టర్లని తయారుచేసే కాలేజీలో చేరి, బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదువుతానన్నాడు. ఇంట్లో పెద్ద గొడవైంది. వాళ్ల నాన్న “అంత జీతం వదులుకుని రేపు ఏం తింటావురా?” అంటాడు. మా అక్క గోల ఇంకోటి. “దేవుడు పిలిస్తే వెళ్లి సేవ చేసుకోవాలి గానీ దానికి మళ్లీ కాలేజీ ఎందుకు?” అని. ఇద్దరి మధ్యా నలిగిపోయి వాడు నా దగ్గరికొచ్చాడు. “చిన్నమ్మమ్మా, ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రిలో పాస్టర్లని చూశావు కదా. ఈ చదువు నిజంగా పనికొస్తుందా?” అని అడిగాడు.

వాడికి చెప్పాల్సింది చెప్పాను. చెప్పాక, సెమినరీలు నడిపే పెద్దలకీ, చర్చి సంఘాల్లో కమిటీ సభ్యులకీ కూడా ఇది చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. క్రైస్తవులు కాని పాఠకులు ఇది మనకు సంబంధం లేని విషయం అనుకోవద్దు. నేను పనిచేసిన మిషన్ ఆసుపత్రి వార్డుల్లో క్రైస్తవుల కంటే హిందువులు, ముస్లింలే ఎక్కువ ఉండేవారు. చాప్లిన్ వచ్చి కూర్చునేది అందరి మంచాల పక్కనా.

చాప్లిన్ అంటే ఆసుపత్రిలోనో, జైల్లోనో, కాలేజీలోనో ఉండి మనుషుల బాధ వినే పాస్టరు. మా ఆసుపత్రిలో అందరూ చాప్లిన్ అయ్యగారు అనేవాళ్లు. వారానికోసారి గుడిలో ప్రసంగం చేసే పనికీ దీనికీ చాలా తేడా ఉంది. గుడికి వచ్చేవాళ్లు స్నానం చేసి, మంచి బట్టలు కట్టుకుని, వినడానికి సిద్ధపడి వస్తారు. వార్డులో మనిషి అలా ఉండడు.

ఒక రాత్రి గురించి చెప్తాను. కృష్ణ ఒడ్డున ఒక లంక ఊరి నుంచి తొలికాన్పుకి ఒకమ్మాయి వచ్చింది. హిందువులు. ఇరవై రెండేళ్లుంటాయి. తొమ్మిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. ఆడపిల్ల. “దానికి చూపించకండమ్మా, చూస్తే మర్చిపోలేదు” అని అత్తగారు బతిమాలింది. ఆ రోజుల్లో మేమూ అదే మంచిదనుకునేవాళ్లం. మగవాళ్లు పాపని తీసుకెళ్లి పూడ్చి వచ్చేశారు. ఆ అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. మూడో రోజుకి పాలు పడ్డాయి. జాకెట్టు తడిసిపోతోంది. పక్క మంచాల దగ్గర పిల్లలు ఏడుస్తున్నారు. ఎవరూ ఆ అమ్మాయితో బిడ్డ మాట ఎత్తరు. నేనూ ఎత్తలేదు. బీపీ చూసి, మాత్ర ఇచ్చి, “నిద్రపో అమ్మా” అని వచ్చేసేదాన్ని.

అప్పుడు మా దగ్గర నలుగురు సెమినరీ విద్యార్థులు శిక్షణలో ఉన్నారు. వాళ్లలో ఒకమ్మాయికి ఆ రాత్రి డ్యూటీ. వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. “నేను కాసేపు ఇక్కడ కూర్చోవచ్చా?” అని అడిగింది. జవాబు రాలేదు. ఊరికే కూర్చుంది. బైబిలు తెరవలేదు, ప్రార్థన చేయనా అని కూడా అడగలేదు. ఎంతసేపు అలా ఉందో చెప్పలేను, ఈలోగా నేను రెండు డ్రిప్‌లు మార్చి వచ్చాను. వచ్చేసరికి మెల్లగా అడుగుతోంది, “పాపకి పేరేమైనా అనుకున్నారా?”

ఆ అమ్మాయి ఇటు తిరిగింది. పేరు చెప్పింది. ఆ పేరు నేనిక్కడ రాయను, అది ఆ తల్లిది. చెప్పాక ఏడుపు వచ్చింది, ఆ ఏడుపు వార్డంతా వినిపించింది. అత్తగారు లేచి “ఊరుకో, ఊరుకో” అంటుంటే నేనే ఆమె చేయి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లాను. నేను తిరిగొచ్చాక ఆ తల్లి నన్ను పిలిచి, “సిస్టర్, పాపకి జుట్టు ఉందా?” అంది. కాన్పు చేసినప్పుడు నేనున్నాను. “ఉందమ్మా, నల్లగా, ఒత్తుగా ఉంది” అని చెప్పాను. మూడు రోజులుగా ఆ ఒక్క మాట అడగడానికి ఆవిడకి మనిషి దొరకలేదు. నేను పక్కనే ఉన్నాను, అయినా దొరకలేదు.

ఆ తర్వాత మా వార్డులో పద్ధతి మార్చుకున్నాం. అలా బిడ్డ పోయిన ప్రతి తల్లినీ “చూస్తావా అమ్మా?” అని అడిగేవాళ్లం. వద్దంటే బలవంతం లేదు.

ఆ విద్యార్థిని మర్నాడు ఆ సంభాషణంతా నోటుపుస్తకంలో రాసింది. ఈ శిక్షణలో అది తప్పనిసరి. వెర్బాటిమ్ అంటారు. రోగి అన్న మాట, తను అన్న మాట, మధ్యలో ఎంతసేపు మౌనంగా ఉన్నారో, అప్పుడు తన లోపల ఏమనిపించిందో, అన్నీ గుర్తున్నంతవరకు ఉన్నదున్నట్టు రాయాలి. రోగి పేరు మాత్రం రాయకూడదు. తర్వాత నలుగురైదుగురు విద్యార్థులు, శిక్షణ ఇచ్చే సూపర్‌వైజర్ కలిసి కూర్చుని దాన్ని చదువుతారు. ఆ అమ్మాయి ఒకచోట, “ఇక్కడ నాకు ‘దేవుడు మళ్లీ బిడ్డనిస్తాడు’ అనాలనిపించింది, ఆపుకున్నాను” అని రాసుకుంది. పక్కన సూపర్‌వైజర్ ఎర్ర సిరాతో ఒకటే ప్రశ్న రాశారు: “ఎవరి కోసం అనాలనిపించింది? ఆవిడ కోసమా, నీ కోసమా?” ఆ పిల్ల నాకు చూపిస్తే చదివాను. నర్సింగ్‌లో నాకెవరూ అలాంటి ప్రశ్న వేయలేదు.

ఈ పద్ధతి వంద సంవత్సరాల కిందటిది. అమెరికాలో ఆంటన్ బోయ్‌సెన్ అనే పాస్టరు 1920లో మతి చలించి మానసిక ఆసుపత్రిలో చేరారు. కోలుకున్నాక, వేదాంత (క్రైస్తవ దైవశాస్త్ర) విద్యార్థులు పుస్తకాలు చదివినంత శ్రద్ధగా బాధలో ఉన్న మనుషుల్ని కూడా చదవాలన్నారు. 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ ఆసుపత్రిలో కొద్దిమంది విద్యార్థులతో శిక్షణ మొదలుపెట్టారు. దాన్నే క్లినికల్ పాస్టరల్ ఎడ్యుకేషన్, పొట్టిగా సి.పి.ఇ. అంటారు. అక్కడ ఒక యూనిట్ అంటే 400 గంటలు. పూర్తిస్థాయి సర్టిఫికెట్ ఉన్న చాప్లిన్ కావాలంటే వేదాంతంలో మాస్టర్స్ చదివి, పైన ఇలాంటివి నాలుగు యూనిట్లు చేయాలి. మా పెద్దమ్మాయి టెక్సాస్‌లో నర్సు. రాత్రి డ్యూటీలో ఎవరికైనా గుండె ఆగితే డాక్టర్లతో పాటు చాప్లిన్‌కి కూడా ఫోను వెళ్తుందట. డాక్టర్లు రోగిని చూస్తుంటే చాప్లిన్ బయట కుటుంబం దగ్గర నిలబడతారు. మా అమ్మాయి ఆ సంగతి చెప్పినప్పుడు, మన దగ్గర ఆ సమయంలో కుటుంబాన్ని గదిలోంచి బయటికి పంపి తలుపేసేయడం గుర్తొచ్చింది.

మనకి ఇదంతా దూరపు సంగతి కాదు. రాయవేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో చాప్లిన్ల విభాగం ఉంది, సి.పి.ఇ. శిక్షణ ఇస్తారు. ఆ ఆసుపత్రికి మన జిల్లాల నుంచి ఎంతమంది వెళ్తారో కాట్పాడి స్టేషన్లో దిగినవాళ్లకి తెలుసు, ప్లాట్‌ఫారం మీద ఎటు చూసినా తెలుగు మాటలే. మరి అలాంటి శిక్షణ మన సెమినరీల్లో చదివే ప్రతి ఒక్కరికీ ఎందుకు అందకూడదు? ఎవరికో ఆసక్తి ఉన్న ఇద్దరు ముగ్గురికి సెలవుల్లో దొరికితే సరిపోతుందా?

మా అక్క అడిగిన ప్రశ్నకి వస్తాను. ఆమె మాటని తీసిపారేయను. మా మేనమామ రాజమండ్రి లూథర్‌గిరి సెమినరీలో చదివిన పాస్టరు. అప్పటికి ఒక్కో మిషన్‌కి ఒక్కో సెమినరీ ఉండేది. 1964లో లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అనే క్రైస్తవ శాఖల సెమినరీలు కలిసి రాజమండ్రిలోనే ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ అయింది, తర్వాత హైదరాబాద్‌కి మారింది. పట్టా ఇచ్చేది బెంగాల్‌లోని సెరాంపూర్ సెనేట్. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీ విలియం కేరీ, ఆయన మిత్రులు 1818లో పెట్టిన సెరాంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు పట్టాలిచ్చే అధికారమిచ్చాడు, ఆ అధికారమే ఇప్పటికీ నడుస్తోంది. (ఆ కేరీగారే 1814లో మన తెలుగుకి వ్యాకరణం రాసి అచ్చువేశారని చాలామందికి తెలియదు.) మా మామయ్య హీబ్రూ, గ్రీకు నేర్చుకుని వచ్చారు. కానీ చావు ఇంట్లో ఎలా కూర్చోవాలో ఒక ముసలి బోధకుడి వెంట సైకిల్ మీద అయిదూళ్లు తిరిగి నేర్చుకున్నానని చెప్పేవారు. ఆ బోధకుడే ఆయనకి సూపర్‌వైజర్. అలాంటి పెద్దవాళ్లు దొరికిన రోజుల్లో సాగిపోయింది. ఇప్పుడు పట్టా చేతికొచ్చిన నెలకే పెద్ద సంఘంలో వేస్తున్నారు. పిల్లాడు ఎవరి వెంట తిరుగుతాడు?

నేర్పకపోతే ఏమవుతుందో కూడా చూశాను. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్న ఒక రైతు దగ్గరికి వాళ్ల ఊరి పాస్టరు వచ్చారు. చిన్న వయసు, మంచివాడు, అబద్ధం ఆడే మనిషి కాదు. గట్టిగా ప్రార్థన చేసి, “విశ్వాసముంటే ఈ మెషీన్ అక్కర్లేదు” అనేశారు. ఆ మాట పట్టుకుని ఇంటివాళ్లు రోగిని తీసుకెళ్లిపోయారు. తొమ్మిదో రోజున పోయాడు. భూస్థాపన అయ్యాక ఆ పాస్టరు ఒక్కడే ఆసుపత్రికి వచ్చి, మా డ్యూటీ రూము బయట బెంచీ మీద కూర్చున్నాడు. “కౌన్సెలింగ్ పేపరు రాశాను సిస్టర్. మార్కులు కూడా బాగానే వచ్చాయి. కానీ నిజంగా చనిపోతున్న మనిషి పక్కన అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు. భయమేసింది. నోటికొచ్చింది అనేశాను” అన్నాడు. టీ తెప్పించి ఇచ్చాను. తాగలేదు. తప్పు అతనిదే, నేను కాదనను. కానీ భయపడే మనిషిని ఆ మంచం పక్కకి ఒంటరిగా పంపినవాళ్లు కూడా ఉన్నారు కదా.

చిన్న చిన్న విషయాలు కూడా నేర్పాలి. ఆపరేషన్‌కి ముందు నోట్లో ఏమీ వేయకూడదని మంచానికి బోర్డు పెడతాం. ప్రార్థన చేసి ప్రేమగా కొబ్బరినీళ్లు తాగించి వెళ్లినవారున్నారు, ఆపరేషన్ వాయిదా పడింది. సూది ఎక్కుతున్న చేతినే పట్టుకోకూడదు. రోగి మంచం మీద కూర్చోకూడదు. ఇన్‌ఫెక్షన్ ఉన్న గదిలోకి మాస్కు లేకుండా పోకూడదు. శిక్షణకి వచ్చిన విద్యార్థులకి ఇవన్నీ మొదటి రోజే నేను చెప్పేదాన్ని. గంట పని. ఇంకో పెద్ద విషయం, మతం మార్చే మాట వార్డులో ఎత్తకూడదు. నీరసించి పడుకున్న మనిషి మీద మన నమ్మకం రుద్దడం అన్యాయం. మా చాప్లిన్‌గారు ఒక ముస్లిం పెద్దాయన అడిగితే ఆయన మంచం పడమటి దిక్కుకి తిప్పించారు, నమాజుకి వీలుగా. నాకు తెలిసిన క్రైస్తవ సేవ అదే.

ఇక నాయకత్వం. సెమినరీల్లో ఇప్పుడు లీడర్‌షిప్ పాఠాలు చెప్తున్నారు, మంచిదే. పాస్టరు అయినవాడు రేపు స్కూలు కమిటీలో కూర్చోవాలి, ఆసుపత్రి బోర్డులో కూర్చోవాలి, ఆస్తులూ లెక్కలూ చూడాలి. మా ఆసుపత్రిలో ఒకప్పుడు ఇద్దరు చాప్లిన్లు ఉండేవారు. నర్సుల తరఫున నేను మీటింగులకి వెళ్తున్న రోజుల్లోనే ఒకరిని తీసేశారు. కొన్నాళ్లకి రెండో పోస్టు కూడా పక్క సంఘం పాస్టరుకి అదనపు బాధ్యతగా ఇచ్చారు. ఆయన శుక్రవారం వచ్చి పావుగంట అన్ని వార్డుల్లోనూ ఒక చుట్టు తిరిగి వెళ్లేవారు. “అది ఆదాయం వచ్చే డిపార్ట్‌మెంట్ కాదు కదమ్మా” అన్నారు మీటింగులో. అన్నది అకౌంటెంటు కాదు, ఒక పాస్టరుగారు. తలుపు బయట నిలబడి డాక్టరు ఏం చెప్తాడో అని చూసే కుటుంబంతో ఆయన ఒక్క రాత్రి గడిపి ఉంటే ఆ మాట నోట రాదు. చాప్లిన్ పోస్టంటే శిక్షగా వేసే లూప్‌లైన్ అనో, రిటైర్‌మెంట్ ముందు విశ్రాంతి అనో చూడటం పోవాలి. అందుకే అంటున్నాను, రేపు బోర్డుల్లో కూర్చోబోయేవాడికే ముందుగా వార్డు చూపించండి.

మా లూథరన్ సంఘాల చరిత్రలోనే దీనికి దారి ఉంది. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్‌గారు కొన్నేళ్లకి అమెరికా తిరిగి వెళ్లి, బాల్టిమోర్‌లో వైద్యం చదువుకుని మళ్లీ వచ్చారు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చి గుంటూరులోనే ఆడవాళ్ల వైద్యానికి జీవితమంతా పెట్టారు. వాక్యం చెప్పే పనినీ, రోగి పక్కన నిలబడే పనినీ వాళ్లు వేరుగా చూడలేదు.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్ మన నంద్యాల డయోసిస్‌కే (బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) వచ్చారు, 2013లో పుష్ప లలితగారు. అయినా సెమినరీ చదివిన ఆడపిల్లలకి సంఘాల్లో చోటివ్వడానికి ఇప్పటికీ వెనకాడుతున్నారు. కాన్పుల వార్డులో ఆ రాత్రి మగ చాప్లిన్ వచ్చి ఉంటే ఆ తల్లి తడిసిన జాకెట్టుతో ఇటు తిరిగేదా?

చివరిగా పరిశోధన. బి.డి. తర్వాత ఎం.టీహెచ్. (వేదాంతంలో మాస్టర్స్), ఆపైన డాక్టరేట్ చేసే పిల్లలకి నాదొక విన్నపం. మీ థీసిస్‌లు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి, లైబ్రరీ బీరువాలో ఉంటాయి. మాకు కావాల్సిన పరిశోధన మన వార్డుల్లోనే దొరుకుతుంది. శిక్షణలో విద్యార్థులకి ఇంగ్లీషు పుస్తకం చూసి “మీకు ఎలా అనిపిస్తోంది?” అని అడగమని నేర్పేవారు. మా రోగులు ఆ ప్రశ్నకి బిత్తరపోయి, “ఏముందమ్మా, బానే ఉంది” అనేవాళ్లు. అదే “బెంగగా ఉందా?” అంటే చాలు, గంటసేపు మాట్లాడేవాళ్లు. “గుండె బరువుగా ఉంది” అన్న ఒక పెద్దావిడకి మేము ఈసీజీ తీశాం. ఈసీజీ బాగానే ఉంది. ఆవిడ కొడుకు ఊరొదిలి వెళ్లి రెండేళ్లయింది. దిగులు వేరు, బెంగ వేరు, కడుపుకోత వేరు. “నా రాత ఇంతే” అని ఒకరు నిస్పృహతో అంటారు, ఇంకొకరు అదే మాట అని కుదుటపడతారు. ఈ తేడాలు తెలుగులో పట్టుకుని, తెలుగులోనే పుస్తకంగా రాసిపెడితే పల్లెటూరి పాస్టరుకీ, నర్సుకీ, ఆశా వర్కర్‌కీ కూడా ఉపయోగపడుతుంది. 2021 మే నెలలో, నా సర్వీసు చివరి రోజుల్లో, కోవిడ్ వార్డులో కిట్లు వేసుకుని రోగుల చెవి దగ్గర ఫోను పట్టుకుని నిలబడ్డాం. ఇంట్లోవాళ్లు అటునుంచి చివరి మాటలు చెప్పారు. వాళ్లేం చెప్పారో ఎవరూ రాసిపెట్టలేదు. రాసి ఉంటే అదొక గొప్ప వేదాంత గ్రంథం అయ్యేదని నా నమ్మకం.

మనవడు సెమినరీలో చేరడానికి ఇంట్లో ఒప్పుకున్నారు, వాళ్ల నాన్న కూడా. వాడు చేరిన చోట ఆసుపత్రి శిక్షణ పాఠ్యక్రమంలో లేదట, కావాలంటే సొంత ఖర్చుతో వేసవిలో చేసుకోవచ్చట. దాన్ని అందరికీ తప్పనిసరి చేయమనీ, ఖర్చు సంఘాలు పెట్టుకోవాలనీ పెద్దలని అడుగుతున్నాను. పాస్టరుగా అభిషేకం ఇచ్చే ముందు ప్రతి అభ్యర్థీ కనీసం మూడు నెలలు వార్డులో, సూపర్‌వైజర్ కింద, వెర్బాటిమ్‌లు రాస్తూ గడపాలి. నేర్పేవాళ్లు లేరని మాత్రం అనొద్దు. మిషన్ ఆసుపత్రుల్లో రిటైరైన నర్సులం ఒక్కో జిల్లాలో చాలామందిమే ఉన్నాం. మొదటి రోజు చెప్పాల్సిన పాఠం నేను వచ్చి చెప్తాను. వారానికి రెండు పూటలు రాగలను, రాత్రి డ్యూటీ అయినా సరే. జీతం వద్దు, బస్సు ఛార్జీ నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
రేపల్లె